పలకని పలకలు

మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 2010 ఫిబ్రవరిలో బార్సిలోనా మొబైల్ ప్రదర్శనలో తొలిసారి లోకానికి కనిపించింది. దాని ఆఖరి రూపానికి 2020 జనవరి 14న భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ పదేళ్లలో దాదాపు సగం కాలం ఉంటుందా, ఊడుతుందా అన్న సందేహంతోనే గడిచింది. అదే దశాబ్దంలో పామ్ వారి వెబ్‌ఓఎస్, నోకియా సింబియాన్, బ్లాక్‌బెర్రీ కూడా మట్టిగొట్టుకుపోయాయి కాబట్టి ఓడిపోవడంలో వింతేమీ లేదు. వాడినవాళ్లు దీన్ని మనసారా ఇష్టపడ్డారు, తయారుచేసినవాళ్లు ఆ ఇష్టాన్ని విడతలవారీగా కాలదన్నారు. చెప్పుకోదగ్గ సంగతి అదే.

మైక్రోసాఫ్ట్‌కు ఫోన్లు కొత్త కావు. విండోస్ మొబైల్ పేరుతో అంతకుముందే ఒక వ్యవస్థ ఉండేది. చిన్న పుల్లలాంటి కలంతో తెరమీద పొడుస్తూ వాడాల్సిన ఆ ఫోన్లు ఆఫీసు ఉద్యోగుల జేబుల్లో కనిపించేవి. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు, ఆ ధర పెట్టి ఎవరు కొంటారంటూ అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ కెమెరా ముందే నవ్వేశాడు. మూడేళ్లు తిరక్కముందే ఆయన కంపెనీ పాత ఇంటిని నేలమట్టం చేసి కొత్తది కట్టుకోవాల్సి వచ్చింది.

కట్టిన ఇల్లు మాత్రం అందంగానే ఉంది. ఐఫోన్, ఆండ్రాయిడ్ తెరలమీద వరసలుగా కదలని బొమ్మలుంటే, ఇక్కడ చతురస్రపు పలకలు ఉండేవి. వాటికి ‘లైవ్ టైల్స్’ అని పేరు. మిత్రుల ఫొటోలు ఒక పలకలో మారుతుండేవి, వాతావరణం ఇంకో పలకలో పల్టీ కొట్టేది, చదవని ఉత్తరాల సంఖ్య మరోదానిలో పెరిగేది. ఏ యాప్‌లోకీ వెళ్లకుండానే సగం సంగతులు తెలిసిపోయేవి. అక్షరాలు పెద్దవి, రంగులు చదునైనవి, నీడలూ మెరుపులూ లేవు. తర్వాతి ఏళ్లలో ఆపిల్, గూగుల్ కూడా చదును రంగుల దారి పట్టాయి గానీ, ఆ దారిలో ముందు నడిచింది ఈ ఫోనే.

2010 సెప్టెంబరులో తొలి వెర్షన్ సిద్ధమైన సందర్భంగా రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు ఒక ఊరేగింపు తీశారు. ఐఫోన్‌కూ బ్లాక్‌బెర్రీకీ ఉత్తుత్తి శవయాత్ర జరిపారు. అప్పటికి ఫోను ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఇల్లలకగానే పండగ చేసుకున్నారన్నమాట.

ఫోను వేదిక ఏదైనా చెట్టు ముందా, విత్తు ముందా అన్న చిక్కు తప్పదు. వాడేవాళ్లు ఎక్కువగా ఉంటేనే యాప్‌లు తయారుచేసేవాళ్లు వస్తారు. యాప్‌లు ఉంటేనే వాడేవాళ్లు వస్తారు. కొత్త వేదికకు రెండూ ఉండవు. ఒక యాప్‌ను ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ రాసిన చిన్న కంపెనీ, మూడోదానికి మళ్లీ రాయాలంటే మరో బృందం, మరో జీతాల పద్దు కావాలి. వందలో ముగ్గురు కొనేవాళ్ల కోసం ఆ ఖర్చు ఎవరూ పెట్టరు. దీనికి విరుగుడుగా మైక్రోసాఫ్ట్ డబ్బులిచ్చి యాప్‌లు రాయించింది, కొన్నింటిని తనే రాసింది. పిల్లల కోడిలా వాటి వెంట తిరిగినా పెద్ద పేర్లు ఆలస్యంగా వచ్చాయి, కొన్ని అసలు రానేలేదు. ఇన్‌స్టాగ్రామ్ 2013 నవంబరుకు గానీ రాలేదు, అదీ ‘బీటా’ ముద్రతో.

గూగుల్ వ్యవహారం మరీ మొండిది. తనకు ఆండ్రాయిడ్ ఉండగా పోటీదారు ఇంటికి పెళ్లిభోజనం పంపాల్సిన అవసరం దానికి కనిపించలేదు. 2013 మే నెలలో మైక్రోసాఫ్ట్ తానే యూట్యూబ్ యాప్ తయారుచేసుకుంది. అందులో ప్రకటనలు రావు, పైగా వీడియోలు దించుకోవచ్చు. యూట్యూబ్ బతికేదే ప్రకటనల మీద కనుక గూగుల్ అభ్యంతరం చెప్పింది. ఆగస్టులో సవరించి తెచ్చిన యాప్‌ను కూడా అడ్డుకుంది. ఇద్దరు కుబేరుల తగవులో ఇరుక్కుంది మాత్రం ఫోను కొనుక్కున్నవాడు.

ఆ లోటును కొంతకాలం ఒంటరి ప్రోగ్రామర్లు పూడ్చారు. రూడీ హుయిన్ అనే ఫ్రెంచి డెవలపర్ ఇన్‌స్టాగ్రామ్‌కు బదులు 6ట్యాగ్, స్నాప్‌చాట్‌కు బదులు 6స్నాప్ రాసిపెట్టాడు. అసలు యాప్‌లకన్నా అవే బాగున్నాయని వాడినవాళ్లు చెప్పుకునేవారు. 2014 చివర్లో స్నాప్‌చాట్ బయటివాళ్ల యాప్‌లను తీసేయించడంతో ఆ ముచ్చటా తీరిపోయింది. 2015లో అమెరికాలో చేజ్, బ్యాంక్ ఆఫ్ అమెరికా లాంటి పెద్ద బ్యాంకులు తమ యాప్‌లను వెనక్కి తీసుకున్నాయి. రాని యాప్‌కన్నా వచ్చి వెళ్లిపోయే యాప్ ఎక్కువ భయపెడుతుంది.

ఈ వేదికకు కాస్త బలం ఇచ్చింది నోకియా. మైక్రోసాఫ్ట్ నుంచి నోకియాకు అధిపతిగా వెళ్లిన స్టీఫెన్ ఎలప్, 2011 ఫిబ్రవరిలో ఉద్యోగులకు రాసిన లేఖలో తమ సంస్థను మంటల్లో చిక్కుకున్న చమురు బావి వేదికతో పోల్చాడు. ఆ వెంటనే సింబియాన్‌కు నీళ్లొదిలి విండోస్ ఫోన్‌ను ఎంచుకున్నాడు. అప్పటికి సింబియాన్ ఫోన్లు ఇంకా కోట్లలో అమ్ముడుపోతున్నాయి. మంటలున్నాయని యజమానే కేకవేస్తే లోపలున్నవాళ్లు ఏం చేస్తారు? బయటికి పరుగెత్తారు. ఆ పరుగెత్తినవాళ్లలో ఎక్కువమంది ఆండ్రాయిడ్‌లో తేలారు. నోకియా ఇంటెల్‌తో కలిసి పెంచిన మీగో వ్యవస్థతో ఎన్9 అనే చక్కటి ఫోను అదే ఏడాది వచ్చింది గానీ, పుట్టేనాటికే దాని జాతకం రాసేసి ఉంది.

అదే ఏడాది చివర్లో నోకియా చేసిన విండోస్ ఫోన్లు లూమియా పేరుతో వచ్చాయి. 2012 ఏప్రిల్‌లో అమెరికాలో లూమియా 900ను పెద్ద ఆర్భాటంతో విడుదల చేశారు. జూన్ 20న మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 8ని ప్రకటించి, ఇప్పుడున్న ఫోన్లలో ఏదీ దానికి మారదని చెప్పింది. అంటే కొత్త ఫోను కొని మూడు నెలలైనా కాలేదు, అప్పుడే అది పాతసామాను. కారణం సాంకేతికమే. విండోస్ ఫోన్ 7కు పునాది విండోస్ సీఈ అనే చిన్న యంత్రాల వ్యవస్థ. అది ఒక్క కోర్ ఉన్న ప్రాసెసర్‌ను మించి వాడుకోలేదు. 8కి పునాది కంప్యూటర్లలోని విండోస్ ఎన్‌టీ. పునాది మార్చక తప్పని మాట నిజమే. కానీ ఆ సంగతి కంపెనీకి ఏప్రిల్‌లో తెలియదనుకోవడం కష్టం. పాత ఫోన్లవాళ్లకు ఊరడింపుగా 7.8 అనే వెర్షన్ ఇచ్చారు. పలకలను చిన్నవీ పెద్దవీ చేసుకోవచ్చు, అంతకుమించి పెద్ద మార్పేమీ లేదు.

అయినా జనం వచ్చారు. 2013లో వచ్చిన లూమియా 520 ఈ వేదిక మొత్తంలో ఎక్కువగా అమ్ముడుపోయిన ఫోను. నాలుగంగుళాల తెర, 512 మెగాబైట్ల ర్యామ్, ఫ్లాష్ లేని అయిదు మెగాపిక్సెళ్ల కెమెరా. ముందువైపు కెమెరా లేనేలేదు. మన దేశంలో పదివేల రూపాయల చిల్లరకు దొరికేది. ఆ ధరలో ఆండ్రాయిడ్ ఫోను పేజీ జరిపితే ముక్కుతూ మూలుగుతూ కదిలే రోజులవి. 520 మీద వేలు పెడితే పలకలు నూనె రాసినట్టు జారేవి. వెనకడొప్ప ఊడదీసి పసుపుదో ఎర్రదో నీలందో మరొకటి తగిలించుకోవచ్చు. కుడి అంచున కెమెరాకు విడిగా ఒక మీట ఉండేది. సగం నొక్కితే దృష్టి నిలిచేది, పూర్తిగా నొక్కితే ఫొటో పడేది. జేబులోంచి తీసి, తాళం విప్పకుండానే, ఆ మీట నొక్కి పట్టుకుంటే కెమెరా తెరుచుకునేది. ఇలాంటి చిన్న సుఖాలే మనుషుల్ని ఒక వస్తువుకు కట్టిపడేస్తాయి. నోకియా 1100 కిందపడినా పగలదని నమ్మి పెరిగిన మన పట్నాల్లో, పల్లెల్లో ఆ పేరుమీద గురి కూడా పనిచేసింది. అదే ఏడాది యూరప్‌లోని అయిదు పెద్ద మార్కెట్లలో కలిపి స్మార్ట్‌ఫోన్ల అమ్మకాల్లో విండోస్ ఫోన్ వాటా పది శాతానికి చేరింది. మూడో స్థానం ఖాయమని అభిమానులు నమ్మడానికి ఆ అంకె చాలింది.

2013 సెప్టెంబరులో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 544 కోట్ల యూరోలకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2014 ఏప్రిల్‌లో కొనుగోలు ముగిసింది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులోని పెద్ద ఫ్యాక్టరీ పన్ను వివాదంలో చిక్కుకుని ఈ బేరంలోకి రాలేదు. ఆ ఏడాది నవంబరు 1న అది మూతపడింది, వేలమంది కార్మికులు ఇంటిదారి పట్టారు. ఫోను వేదిక పోవడమంటే తెరమీద పలకలు పోవడమొక్కటే కాదని అక్కడివాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈలోగా, 2014 ఫిబ్రవరిలో, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. నోకియా కొనుగోలుపై కంపెనీ పెద్దల మధ్య అభిప్రాయ సేకరణ జరిగినప్పుడు తాను వ్యతిరేకంగా ఓటు వేశానని ఆయనే తర్వాత తన పుస్తకంలో రాశారు. వద్దన్న కాపురమే ఆయన నెత్తిన పడింది. ఆ జూలైలో 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు, అందులో 12,500 నోకియా నుంచి వచ్చినవాళ్లవే. మరుసటి ఏడాది జూలైలో ఇంకో 7,800 ఉద్యోగాలు పోయాయి. 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేశారు. బేరం ప్రకటించినప్పటి ధరకన్నా రాసేసిన మొత్తమే ఎక్కువ.

లెక్కల పుస్తకం దృష్టితో చూస్తే నాదెళ్ల నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కంపెనీ క్లౌడ్ వైపు మళ్లి ఎంత లాభపడిందో అందరికీ తెలుసు. తప్పు పట్టాల్సింది ఆ తర్వాతి రెండేళ్లను. ఫోన్లు మానేస్తున్నామని 2015లో ఎవరూ చెప్పలేదు. వ్యాపారులకు కొన్ని, చవక ధరలో కొన్ని, అభిమానులకు మేటివి కొన్ని చేస్తామన్నారు. ఆ నవంబరులో లూమియా 950, 950 ఎక్స్ఎల్ వచ్చాయి. వాటిని చిన్న పెట్టె ద్వారా టీవీ తెరకు కలిపితే కంప్యూటర్‌లా వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌లను సులువుగా మార్చి తెచ్చుకునే వంతెన కడతామని ఆశపెట్టి, 2016 ఫిబ్రవరిలో ఆ పని అటకెక్కించారు. విండోస్ ఫోన్ 8 ఉన్న లూమియాలన్నిటికీ విండోస్ 10 వస్తుందని మొదట చెప్పారు. 2016 మార్చిలో జాబితా వచ్చేసరికి అందులో 520 లేదు, 920 లేదు, 41 మెగాపిక్సెళ్ల కెమెరాతో పేరుపడ్డ 1020 కూడా లేదు. వేదిక మీద మొదటినుంచీ నమ్మకం పెట్టుకున్నవాళ్ల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆ ఫోన్లే.

అనుమానం ఉన్నచోట పుకారు పుడుతుంది. మైక్రోసాఫ్ట్ నుంచి ‘సర్ఫేస్ ఫోన్’ వస్తోందని అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. పేటెంటు బొమ్మలు చూసి లెక్కలు కట్టారు. ఆ ఆశతోనే కొందరు పాత లూమియా పాడైతే మరో లూమియానే వెతికి కొన్నారు. సంస్థలూ ఇదే దారిలో దెబ్బతిన్నాయి. న్యూయార్క్ పోలీసు శాఖ సుమారు 36,000 విండోస్ ఫోన్లను సిబ్బందికి పంచి, 2018లో వాటిని ఐఫోన్లతో మార్చుకోవాల్సి వచ్చింది.

అమ్మకాలు మాత్రం పుకార్ల కోసం ఆగలేదు. గార్ట్‌నర్ లెక్కల ప్రకారం 2016 ఆఖరి మూడు నెలల్లో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో విండోస్ వాటా 0.3 శాతం. 2017 సెప్టెంబరులో బిల్ గేట్స్ తాను ఆండ్రాయిడ్ ఫోను వాడుతున్నట్టు చెప్పారు. అక్టోబరు 8న విండోస్ విభాగం పెద్దల్లో ఒకరైన జో బెల్ఫియోర్ ట్విటర్‌లో, ఇక కొత్త సదుపాయాలూ కొత్త ఫోన్లూ తమ దృష్టిలో లేవని రాశారు. పదేళ్ల వేదిక గురించి ఆఖరి మాట చెప్పడానికి దొరికిన తావు ఆదివారం నాటి రెండు మూడు ట్వీట్లు.

అభిమానులు కలలుగన్న ఫోను 2020 సెప్టెంబరులో నిజంగానే వచ్చింది. పేరు సర్ఫేస్ డ్యువో. రెండు తెరలు, 1,399 డాలర్లు. లోపల ఉన్నది ఆండ్రాయిడ్. 2023లో ఒక ఇంటర్వ్యూలో నాదెళ్ల, ఫోన్లనుంచి తప్పుకున్న తీరును మరోలా నడిపించి ఉండవచ్చన్నారు.

వాడేవాళ్ల దగ్గర మాత్రం ముగింపు ఒక్కరోజున రాలేదు, ఇంట్లో ఒక్కో దీపం ఆరినట్టు వచ్చింది. మ్యాపుల యాప్ పోయింది, ఆటలు పోయాయి, 2019 డిసెంబరు 16న విండోస్ ఫోన్ 8.1 యాప్ స్టోర్ మూతపడింది. మన దగ్గర అసలు దెబ్బ తగిలింది డిసెంబరు 31న. ఆ రోజుతో విండోస్ ఫోన్లలో వాట్సాప్ మద్దతు ముగిసింది. అమెరికాలో ఉన్న కొడుకు మాటా, కుటుంబం గ్రూపులో పొద్దున్నే వచ్చే దేవుడి బొమ్మా, పాలవాడి లెక్కా అన్నీ దాని మీదే నడిచే చోట, వాట్సాప్ లేని స్మార్ట్‌ఫోను ఉన్నా లేనట్టే. పైగా అందులోని పాత సంభాషణలను ఆండ్రాయిడ్‌కు తరలించే అధికారిక మార్గం లేదు. ఫొటోలు కంప్యూటర్‌లోకి వచ్చాయి, మాటలు ఆ ఫోన్లలోనే ఉండిపోయాయి.

కొందరు అప్పటికీ వదల్లేదు. ఔత్సాహిక ప్రోగ్రామర్లు లూమియా 950 తాళాలు విప్పి, అందులో కంప్యూటర్లలో వాడే పూర్తి విండోస్‌ను నడిపించారు. కంపెనీ చేయనిది కాలక్షేపంగా చేసి చూపించారు. మిగతావాళ్ల 520లు సొరుగుల్లో చేరాయి. బ్యాటరీ పాడవకపోతే చార్జర్ పెట్టగానే ఇప్పటికీ వెలుగుతాయి. నెట్‌తో పనిపడే పలకలు చాలావరకు ఖాళీగా ఉంటాయి. గడియారం నడుస్తుంది, అలారం మోగుతుంది, కుడి అంచున మీట నొక్కి పట్టుకుంటే కెమెరా తెరుచుకుంటుంది.