నిన్నటి తీపికి మైలేమిటి?



రేపు చుట్టాలు వస్తున్నారని ఈ సాయంత్రమే పాయసం కాచి, చల్లార్చి, ఫ్రిజ్జులో పెట్టుకున్న ఇల్లాలిని "నిన్నటిది పెడతావా తల్లీ?" అని దెప్పే పెద్దలు మా గద్వాలలో ఉన్నారు, వనపర్తిలో ఉన్నారు, నాగర్‌కర్నూలులోనూ ఉన్నారు. ఆ పెద్దలే పెళ్లివిందులో, ఎన్నడో ఏ ఊరిలోనో తయారై గడ్డకట్టిన కప్పును చెక్కచెంచాతో అడుగంటా గీకి తిని, భేషుగ్గా ఉన్నదని త్రేన్చుతారు. ఇంట్లో చేసినదానికి ఒక రాత్రి గడిస్తే మైల, కొని తెచ్చినదానికి నెలలు గడిచినా మడి! ఈ రెండు నాల్కల ధోరణిని ఖండించడానికే ఈ టపా.

మొదట శాస్త్రం సంగతి చూద్దాం. ఆక్షేపకులు ముందుగా ఎత్తే ఆయుధం అదే కదా. భగవద్గీత 17వ అధ్యాయంలో తామసులకు ప్రియమైన ఆహారాల పట్టికలో "పర్యుషితం", అనగా రాత్రి గడచినది, ఉన్నమాట నిజమే. అయితే దేనికి ఆ దోషం అంటుతుంది, దేనికి అంటదు అన్న విచారణ ధర్మశాస్త్రానిది. మనుస్మృతి 5వ అధ్యాయం ఆ విచారణ చేసింది. నెయ్యో నూనో కలిసిన భక్ష్యాలు నిలవైనా తినదగినవే అన్నది. యవలతో, గోధుమలతో చేసినవీ, పాల వికారాలూ చమురు తగలకపోయినా, చిరకాలం ఉన్నా గ్రాహ్యాలే అన్నది. పాయసం, బాసుంది, పెరుగుతో చేసిన తీపి ఈ మినహాయింపులోనివి కావా? మనువును నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. శాస్త్రం పేరు చెప్పి ఇల్లాలి నోరు మూయించేవారు ఆ పుట కూడ తిప్పి చూడాలంటున్నాను.

ఇక భాష. "పెద్దల మాట చద్దిమూట" అన్న జాతి మనది. "చద్ది"కి పూర్వరూపం "చల్ది". ఆ మాటలోనే చల్లదనం ఉన్నది. పోతన భాగవతంలో గోపబాలురతో కలిసి కృష్ణుడు ఆరగించినది చల్ది కాదా? దేవుడు తిన్నదానికి లేని దోషం మన వంటింట్లో ఎక్కడినుండి వచ్చింది?

"ఇది మనది కాదు, దొరల అలవాటు" అనేవారు మరికొందరు. కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధంలో కూర్చిన మానసోల్లాసంలో పెరుగును వడగట్టి చక్కెర కలిపే శిఖరిణి ఉన్నది. పాలమూరు సీమ ఆనాడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. దానినే రసాల అన్నారు. భీమసేనుడు కల్పించిన వంటకమని వైద్యగ్రంథమైన భావప్రకాశం చెబుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని వేసవి విందును వర్ణిస్తూ చెరకురసం, ఎళనీరు, రసావళ్లు, పండ్లు, పరిమళించే చల్లని నీరు, నీరుచల్ల అన్నీ వరుసగా వడ్డింపజేశాడు. ఋతువునుబట్టి విందు మారాలని ఆ వర్ణన చెప్పక చెబుతుంది. కావ్యాలలో దాగిన తెలుగువారి తిండినీ బట్టనూ ఆటపాటలనూ వెలికితీసి 1949లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డిగారు మా గద్వాల సీమలోని ఇటికాలపాడు వారు. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారు. అటువంటి వారిని కన్న సీమలో, మన తిండికి చరిత్ర లేదనడం ఎంత సిగ్గుచేటు!

నిజాం పాలనలో ఉన్న సీమ కనుక ఇంకొక పాయ కూడ మనకు కలిసింది. ముందునాటి రాత్రి ఎండు ఆప్రికాట్లను నానబెట్టి చేసే ఖుబానీ కా మీఠా, బియ్యపురవ్వను పాలలో ఉడికించి మట్టిమూకుళ్లలో పోసి చల్లార్చే ఫిర్నీ, ఇవి రెండూ ముందుగా చేసి ఉంచుకునేవే. మన పొరుగింటి ముస్లిం సోదరి ముందునాడే ఫిర్నీ చేసిపెట్టుకుంటే ఆమె అతిథిమర్యాదను ఎవరూ శంకించలేదే! మన అక్కకు, మన వదినకు మాత్రమే ఈ నింద ఎందుకు?

విందు చివరి కప్పు సంగతి కూడ తేల్చుదాం. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీములో పాలకొవ్వు నూటికి 10 పాళ్లకు తగ్గరాదు. పాలకొవ్వుకు బదులు వనస్పతి కొవ్వు వాడితే దానిని "ఫ్రోజెన్ డెజర్ట్" అనాలి. ఈసారి కప్పు చేతికి వచ్చినపుడు కళ్లజోడు పెట్టుకొని ఆ చిన్న అక్షరాలు చదవండి. చట్టం దానిని వారించడం లేదు, నేనూ వారించను. కాని పాల పాయసాన్ని దెప్పి దీనిని మెచ్చుకోవడం వివేకమా? కస్టర్డు పొడి కథ మరీ విచిత్రం. 1837లో బర్మింగ్‌హాంలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు గుడ్డు పడదని మొక్కజొన్న పిండితో కల్పించినది అది. పిండి, రంగు, వాసన, అంతే. ఇంగ్లీషువాడు "కస్టర్డ్ ఆపిల్" అని పిలిచే సీతాఫలంలో ఒక పేరుగన్న రకానికి మన పాలమూరు బాలానగరం పేరే పెట్టారు. పండు మన గుట్టలమీద, పొడి డబ్బా మన అలమరలో!

విమర్శించి ఊరుకోవడం పంతుళ్ల లక్షణమంటారు కనుక చేసే తీరు కూడ చెబుతాను. లీటరు గట్టిపెరుగును పలుచని గుడ్డలో కట్టి, జల్లెడలో పెట్టి, ఫ్రిజ్జులోనే ఆరు గంటలు నీరు ఓడనివ్వండి; మా ఎండలకు బయట వేలాడదీస్తే పులుస్తుంది. దానిలో నూరు గ్రాముల చక్కెర, ఏలకుల పొడి, గిన్నెడు కొల్లాపురం మామిడిగుజ్జు కలిపి రాత్రంతా ఉంచితే రసాల సిద్ధం. దసరా దీపావళి చుట్టాలకైతే, చిక్కగా కాచిన పాలను పూర్తిగా చల్లార్చిన తరువాతనే సీతాఫలం గుజ్జు కలపండి. వేడి తగిలితే చేదెక్కుతుంది. సగ్గుబియ్యం పాయసాన్ని పలుచగానే దించండి, చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. మట్టికుండ మా పొడిగాలిలో నీటిని అమృతంలా చల్లబరుస్తుంది, ఉక్కపోతల కోస్తాలో అంత పనిచేయదు. అయినా పాలతో చేసినవి కుండలో రాత్రి ఉంచరాదు. కాచిన రెండు గంటలలోపే ఫ్రిజ్జులోకి చేర్చాలి, మరునాడే ముగించాలి. రాత్రి కరెంటు చాలాసేపు పోయిందా, మొగమాటపడక పారబోయాలి. శుచి అంటే ఇది. దీనిని పాటించే ఇల్లాలికి శుచి నేర్పబోవడం హాస్యాస్పదం.

అసలు విషయానికి వస్తున్నాను. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, అందరూ పంక్తిలో కూర్చుని ఉండగా, వేడివేడిగా పెట్టాలని పొయ్యిదగ్గర నిలబడేది ఎవరు? అందరూ తిని లేచాక గిన్నె అడుగున మిగిలినది తినేది ఎవరు? మన ఆక్షేపణ పాయసం మీద కాదు, ఆమె కూర్చోవడం మీద. తీపి ముందునాడే సిద్ధమైతే ఆమెకు పంక్తిలో ఒక విస్తరి దక్కుతుంది. ఆచారం పేర ఆ విస్తరిని లాగివేసేవారిని ఆచారవంతులని ఒప్పుకోవడానికి నా మనస్సు అంగీకరించదు.

కనుక "తాజాగా చేయవలసింది" అని ఎవరైనా అన్నప్పుడు, "మీరు వడ్డించండి బాబాయ్, పిన్ని కూర్చుంటుంది" అని చెప్పి చూడండి. విభేదించేవారు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా వాదించవచ్చు, అజ్ఞాతలైనా సరే. మీ ఇండ్లలో ముందునాడే చేసిపెట్టుకునే తీపి ఏదైనా ఉంటే, దాని పేరూ తీరూ కూడ రాయగలరని ప్రార్థన.

స్వస్తి.