పొడి పొట్లం కంటే ముందు తల్లికి చోటు

శ్రీరంగాపూర్‌లో నెలలు నిండకుండా బిడ్డను కన్న ఒక తల్లి నన్నడిగింది: "అక్కా, బిడ్డకు ఆ పొడి కలిపి తాపిన్రు. అది మందా, పాలపొడి లెక్కనా?" ఆసుపత్రి కాగితం మీద ప్రొబయోటిక్ అని ఇంగ్లీషులో వుంది. కాలేయానికి మంచిదని మాత్రం ఆమెకెవరో చెప్పారు. ఎందుకిస్తున్నారో, ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పలేదు. ఇది వైద్యులకు వదిలేయాల్సిన విషయమని చాలామంది అనుకుంటారు. దీన్ని స్త్రీల హక్కుల ప్రశ్నగా కూడా చూడాలని నేనంటాను.

విషయం ముందు తెలుసుకుందాం. 37 వారాలకు ముందే పుట్టిన బిడ్డ కాలేయం పూర్తిగా ఎదిగి వుండదు. అందుకే కామెర్లు తొందరగా వస్తాయి, ఎక్కువ రోజులు వుంటాయి. మరీ చిన్న బిడ్డలకు వారాల తరబడి నరం ద్వారానే ఆహారం ఎక్కించాల్సి వస్తుంది. నోటి ద్వారా ఏమీ వెళ్ళకపోతే పైత్యరసం సరిగా పారక కాలేయంలోనే నిలిచిపోయి దాన్ని దెబ్బ తీస్తుంది. పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికే చేరుతుంది కాబట్టి పేగులోని సూక్ష్మజీవుల మంచిచెడ్డలు కాలేయానికీ తగులుతాయి. మేలుచేసే సూక్ష్మజీవులను పొడి రూపంలోనో చుక్కల రూపంలోనో ఇస్తే రెండింటికీ మంచిదన్న ఆశ అక్కడి నుంచే వచ్చింది.

ఈ ఆశకు కొంత ఆధారం వుంది. మన పక్కనున్న ఒడిశా గ్రామాల్లో 4,556 మంది శిశువులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వారం రోజులు ఇలాంటి మిశ్రమం తాగిన బిడ్డల్లో సెప్సిస్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. అయితే వాళ్ళంతా రెండు కిలోలకు తగ్గకుండా పుట్టి, తల్లిపాలు తాగుతున్న ఆరోగ్యవంతులైన పిల్లలు. కిలో బరువున్న బిడ్డకు ఆ లెక్క వర్తించదు. 2016లో ఇంగ్లండులో 1,315 మంది నెలలు నిండని బిడ్డలపై జరిగిన పరీక్షలో ఒక రకం ప్రొబయోటిక్ వల్ల లాభమేమీ కనిపించలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 32 వారాల లోపు పుట్టి తల్లిపాలు తాగే బిడ్డలకు వీటిని ఇచ్చే విషయం ఆలోచించవచ్చంది. మరుసటి ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అలాంటి ఉత్పత్తి ఇచ్చిన కిలో లోపు బిడ్డ ఒకరు అందులోని సూక్ష్మజీవే రక్తంలో చేరి చనిపోయిన తర్వాత, వైద్యులను హెచ్చరించింది. ఈ పెద్ద పరీక్షలు ముఖ్యంగా అడిగింది పేగు జబ్బు, సెప్సిస్, మరణాల గురించి. కాలేయాన్ని కాపాడుతుందని తల్లికి హామీ ఇచ్చేంత రుజువు లేదు.

ఇంత తర్జనభర్జన వున్న వస్తువును తల్లికి ఒక్క మాట చెప్పకుండా ఇవ్వటం ఎట్లా న్యాయం? బయట కొనుక్కురమ్మని చీటీ రాస్తే అది ఇంకో అన్యాయం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో జబ్బుపడిన నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితంగా అందాలి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న మరొకటుంది. పైత్యరసాన్ని కదిలించేది, పేగులో మంచి సూక్ష్మజీవులను పెంచేది తల్లిపాలే, అవి మొదట్లో కొన్ని చుక్కలైనా సరే. కానీ బిడ్డ అద్దాల గదిలో, తల్లి వరండాలో. శ్రీరంగాపూర్ నుంచి వనపర్తి, అక్కడ కుదరకపోతే మహబూబ్‌నగర్, అక్కడా కాకపోతే హైదరాబాద్ నీలోఫర్. బిడ్డ ఒక ఊళ్ళో, ఇంకా కుట్లు మానని బాలింత ఇంకో ఊళ్ళో వుంటే పాలెట్లా పడతాయి? చివరికి "ఆమెకు పాలు లేవు" అని తప్పు ఆమె మీదికే వస్తుంది. 2021లో భారతదేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షలో, పుట్టిన వెంటనే బిడ్డను తల్లి గుండెల మీద ఆనించి వుంచితే నవజాత మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. దానికి కావలసింది నవజాత శిశు విభాగంలో తల్లికో మంచం, తిండి, మరుగుదొడ్డి. 2017లో నీలోఫర్‌లో ధాత్రి తల్లిపాల బ్యాంకు ఏర్పడింది. అలాంటి సదుపాయం జిల్లాలకూ రావాలి.

బిడ్డ ముందే ఎందుకు పుట్టిందన్నదీ అడగాలి. రక్తహీనతతో, నెలలు నిండుతున్నా బరువులు మోసే పాలమూరు వలస కూలీకి విశ్రాంతి ఎవరిచ్చారు? ఉద్యోగినులకు జీతంతో ప్రసూతి సెలవు 2017లో 26 వారాలకు పెరిగింది. మట్టి పనికి పోయే స్త్రీకి మానేసిన రోజల్లా కూలి పోయినట్టే.

కాబట్టి మన సంఘాలు ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో, గ్రామసభల్లో పట్టుబట్టాల్సినవి ఇవి. బిడ్డకు ఏది ఇచ్చినా దాని పేరు, కారణం, ప్రమాదం తెలుగులో చెప్పాలి, తల్లి ఒప్పుకోలు తీసుకోవాలి. ప్రొబయోటిక్ అవసరమైతే నాణ్యత పరీక్షించినదాన్ని ఆసుపత్రే ఉచితంగా ఇవ్వాలి. బిడ్డ వున్న చోట తల్లి వుండటం హక్కుగా గుర్తించాలి. ఇంటికొచ్చాక ఆశా కార్యకర్తలు ఒక్క విషయం మరవకూడదు: కామెర్లు నెలలు నిండిన బిడ్డకు రెండు వారాలు, నిండని బిడ్డకు మూడు వారాలు దాటినా, మలం సున్నంలా తెల్లబడినా, వెంటనే డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష చేయించాలి. పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బయితే రెండు నెలల లోపు ఆపరేషన్ జరిగినప్పుడే ఫలితం బాగుంటుంది. ఎండలో పెడితే తగ్గుతుందని చెప్పి పంపిస్తే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.