కుట్టా? క్లిప్పా?

కొత్త టూలు రాగానే పాతదాన్ని అటకెక్కించెయ్యాలనే తొందర మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కాస్త ఎక్కువే. ఆపరేషన్ థియేటర్లలోనూ ఇలాంటి తగువే ఒకటి చాలాకాలంగా నడుస్తోంది: తెగిన రక్తనాళాన్ని సూదీ దారంతో కుట్టాలా, క్లిప్పులు పెట్టాలా అని. నేను డాక్టర్ని కాను, కోడు రాసుకు బతికేవాణ్ణి. అయినా ఈ తగువులో మనకి పనికొచ్చే సంగతులున్నాయని నా నమ్మకం.

1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకి గురై చనిపోయాడు. తెగిన పెద్ద సిరని నమ్మకంగా కుట్టే విద్య అప్పటి సర్జన్లకి లేదు. ఆ లోటు అలెక్సిస్ కారెల్ అనే కుర్ర డాక్టరు మనసులో పడింది. ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ దగ్గర సన్న సూదిపని నేర్చుకుని, 1902లో తన పద్ధతి ప్రచురించాడు. 1912లో నోబెల్ అందుకున్నాడు. గుండ్రటి నాళం అంచుకి ముందు మూడుచోట్ల కుట్లు వేసి లాగితే అది త్రికోణమవుతుంది. ఇక ఒక్కో భుజాన్నీ తిన్నగా కుట్టుకుపోవచ్చు. కష్టమైన సమస్యని మూడు సులువైన ముక్కలు చెయ్యడమంటే ఇదే!

ఇక రెండో పక్షం. 1940లలో మాస్కోలో గుడోవ్ అనే ఇంజనీరు రక్తనాళాలకి స్టేప్లరు తయారుచేశాడు. ఇప్పటి టైటానియం క్లిప్పులు 1990లలో వాడకంలోకి వచ్చాయి. నాళం అంచులు రెండిటినీ బయటికి మడిచి పెడితే, ఇవి బయటినుంచే నొక్కి పట్టుకుంటాయి. సూదిలా లోపలి పొరని పొడవవు. రక్తం పారేచోట దారం ఉండదు. పనీ త్వరగా అవుతుంది. అయితే అంచు మడత పడితేనే ఈ సుఖమంతా. సున్నం పేరుకుని గట్టిపడిన ధమని మడత పడదు, అక్కడ సూదే దిక్కు. ఖరీదు కూడా దారం కన్నా ఎక్కువే.

ఈ తేడా బాగా తగిలేది డయాలసిస్ రోగికి. చేతిలో ధమనినీ సిరనీ కలిపి చేసే ఫిస్టులా అతనికి ప్రాణాధారం. సాధారణంగా వారానికి మూడుసార్లు అక్కడే సూదులు గుచ్చుతారు. అది మూసుకుపోతే ఇంకో చోటు వెతకాలి, ఆ చోట్లేమో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడ్డ కుటుంబాల్ని ఎరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. క్లిప్పులు పెట్టినవి ఎక్కువకాలం పనిచేశాయని కొన్ని పరిశీలనలు తేల్చాయి, పెద్ద తేడా లేదని మరికొన్ని.

నా వరకు కొలత ఒక్కటే: ఆ నాళం ఎన్నాళ్ళు తెరుచుకుని ఉంది? ఆపరేషన్లో మిగిలిన నిమిషాలు దాని తర్వాతే. మెత్తటి నాళమైతే క్లిప్పు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ శిక్షణలో మాత్రం కుట్టుపని తగ్గించకండి. క్లిప్పు నిలవనిచోట ఆ చేతికి సూది పట్టడం రావాలి. రెడీమేడ్ లైబ్రరీ వాడే మనం కూడా అది మొరాయించిననాడు లోపలికెళ్ళి బాగుచెయ్యగలగాలి కదా! పైగా మన ప్రోగ్రాం పడిపోతే మళ్ళీ స్టార్ట్ చేసుకుంటాం. అక్కడ బల్లమీద ఉన్నది మనిషి. మీరేమంటారు?