శబ్దానికి పేరు పెట్టండి

అబూ మురైఖాలో 2024 ఫిబ్రవరిలో తెరిచిన మందిరం మా రువైస్‌కు 200 కిలోమీటర్లకు పైనే. పెద్దవాళ్లను ఎక్కించుకుని వెళ్తున్నాం. ముందు చక్రాల దగ్గర శబ్దం వస్తే పాటల సౌండు పెంచడం తప్పు.

నేను చదివింది ఇంగ్లీషు మీడియం. కానీ శబ్దాలు చెప్పడానికి తెలుగే మేలు. ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు "టకటక" అంటే ముందు స్టెబిలైజర్ లింకు చూడాలి. "కిర్రు కిర్రు" అంటే ఎండకు గట్టిపడిన రబ్బరు బుష్‌లు కావచ్చు. స్టీరింగ్ తిప్పితే "టక్కు"మంటే స్ట్రట్ మౌంట్ కావచ్చు. బాల్ జాయింట్ వదులైతే మాత్రం ప్రయాణం వద్దు. అది ఊడితే చక్రం ఒరిగిపోతుంది.

మెకానిక్ "షాక్ అబ్జార్బర్లు మార్చాలి" అనగానే సరే అనకండి. కారు పైకెత్తి, వదులు ఎక్కడుందో చేత్తో ఊపి చూపించమనండి. చూశాకే డబ్బులు ఇవ్వండి.