ఆవిడ గుర్రం, నా గుండె

భార్యకు సంగీతం ఇష్టమైతే పక్కన కూర్చుని కచేరీ వినొచ్చు. మధ్యలో కునుకు తీసినా కొంపలేం మునగవు. మొక్కలిష్టమైతే నాలుగు చెంబులు నీళ్లు పోయొచ్చు. గుర్రాలంటే ఇష్టమైతేనే చిక్కు. దూరం నుంచి చూసి ‘బావుంది’ అంటే సరిపోదు.

మా ఆవిడ పశువైద్యురాలు. తిరుపతిలో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ అశ్వదళంలో చేరి సవారీ నేర్చుకుంది. తర్వాత పెళ్లి, బదిలీలు, ఇద్దరు పిల్లలు... పాతికేళ్లు గుర్రం ఊసు లేదు. ఇంటికి ఎవరొచ్చినా పెళ్లి ఆల్బమ్ కంటే ముందు చూపించేది మాత్రం గుర్రం మీద నిటారుగా కూర్చున్న ఆ పాత ఫొటోనే. చిన్నమ్మాయి హాస్టల్‌కి వెళ్లిన ఏడాది, హైదరాబాద్ శివార్లలో ఓ శిక్షణ కేంద్రం వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టింది. రెండు నెలలు నేను కారులో కూర్చుని పేపరు చదివాను. ఇంటికొచ్చాక ఆవిడ చెప్పే కబుర్లు సగం అర్థమయ్యేవి కావు. ‘ఇవాళ అది చెవులు అణిచిపెట్టిందండీ’ అంటే ఏమనాలి? పిల్లల్లేని ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మిగిలేది ఇద్దరే. అందులో ఒకరి సంతోషం రెండోవారికి తెలియని భాషలో ఉంటే కష్టమే. అందుకే నలభై తొమ్మిదో ఏట నేనూ పేరిచ్చాను.

శిక్షకుడు నన్ను ఎగాదిగా చూసి ‘ముందు కాటా ఎక్కండి సార్’ అన్నాడు. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని చాలాచోట్ల పాటించే లెక్క. 450 కిలోల గుర్రమైతే 90 కిలోలన్నమాట. జీనుతో కలిపితే నేను సరిగ్గా ఆ గీత మీదున్నాను. సుల్తాన్ అనే ముసలి, ఓపికైన, కాస్త భారీ గుర్రాన్ని నాకు కేటాయించారు. తలకి హెల్మెట్, కాలికి మడమ ఉన్న బూటు. మడమ లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి దూరి ఇరుక్కుంటుంది. పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. ఈ వివరం మొదటి రోజే చెప్పకపోయినా బావుండేది.

గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా ముఖం ముందూ, తోక వెనకా మాత్రం కనపడదు. కాబట్టి భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికెళ్లాలి. ఎడమ పక్క నుంచే ఎక్కాలి. సైనికులు ఎడమ నడుముకి కత్తి వేలాడదీసుకున్న కాలం నుంచి వచ్చిన అలవాటట. కత్తులు పోయాయి, అలవాటు మిగిలింది.

ఎక్కాక తెలుస్తుంది ఎత్తెంతో. పిల్లలు పడితే దులుపుకుని లేస్తారు. మనకి పడకముందే మోకాలి చిప్ప, ఇంటి అప్పు, వచ్చే నెల ఆడిట్ వరసగా గుర్తొస్తాయి. పైగా ఆ భయం దాచుకోలేం. స్వీడన్ పరిశోధకులు 2009లో ఓ ప్రయోగం ప్రచురించారు. గుర్రాన్ని నడిపించేవాళ్లకీ, ఎక్కినవాళ్లకీ ‘ఈసారి దారిలో గొడుగు తెరుస్తాం’ అని చెప్పారు. తెరవలేదు. కానీ ఆ మాటకే మనుషుల గుండె వేగం పెరిగింది. గొడుగు సంగతే తెలియని గుర్రాల గుండె కూడా వేగంగా కొట్టుకుంది!

దీనికి మా శిక్షకుడి మందు పాట. పాడుతున్నప్పుడు ఊపిరి బిగబట్టలేం కదా. ఘంటసాలని అందుకున్నాను. సుల్తాన్ ఒక చెవి నా వైపు తిప్పింది. అలా తిప్పితే వింటోందని అర్థం, రెండూ వెనక్కి అణిచిపెడితే చిరాకని అర్థం. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ కబురు నేనే చెప్పాను.

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది’ అంటారు మనవాళ్లు. నాకా సామెత మీద నమ్మకం పోయింది. పగ్గాల అవతలి కొస దాని నోట్లో ఉన్న ఇనప కడ్డీకి ఉంటుంది. బెదిరిన కొత్తవాడు చేసే మొదటి పని పగ్గాలు పట్టుకుని వేలాడటం. అందుకే మొదట్లో పగ్గాలివ్వరు. పొడవాటి తాడుతో శిక్షకుడే గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే, మనం చేతులు బార్లా చాపి కూర్చోవాలి. ఆ భంగిమలో ఓ బ్యాంకు మేనేజరుని ఊహించుకోండి.

నడకలో డెక్కల చప్పుడు నాలుగు, ట్రాట్‌లో రెండు, కాంటర్‌లో మూడు. ట్రాట్‌లో ఒక దెబ్బకి లేవాలి, రెండో దెబ్బకి కూర్చోవాలి. ఇది ఒంటబట్టడానికి నాకు పదకొండు ఆదివారాలు పట్టింది. పక్కనున్న పదేళ్ల పిల్లకి మూడు. జపాన్‌కి చెందిన హిరోషి హోకెట్సు 71 ఏళ్ల వయసులో 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వారీ చేశాడని మా ఆవిడ ధైర్యం చెప్పింది. ఆయన 1964లోనే ఒలింపిక్స్‌కి వెళ్లాడన్న సంగతి తర్వాత నేనే కనిపెట్టాను.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. మీవాళ్ల దగ్గర నేర్చుకోకండి. కంచె అవతల నుంచి ఆవిడ ‘మడమలు కిందికి! చూపు ముందుకి!’ అని అరుస్తుంటే ఎప్పుడో నేను కారు నేర్పిన రోజుల బాకీ తీరుస్తున్నట్టు అనిపించింది. శిక్షకుడే మర్యాదగా ఆవిడని మైదానం అవతలి కొసకి పంపించేశాడు.

నాలుగో నెలలో గాలికెగిరిన ప్లాస్టిక్ సంచి చూసి సుల్తాన్ పక్కకి గెంతింది. నేను కింద ఇసకలో ఉన్నాను. పరుగెత్తుకొచ్చిన ఆవిడ ముందు పట్టుకుంది గుర్రాన్ని! వదిలేసిన గుర్రం పగ్గాలు కాళ్లకి తగులుకుంటే దానికీ, కిందపడ్డ మనిషికీ ప్రమాదం. వైద్యురాలిగా చేయాల్సిందే చేసింది. నా భుజం కమిలింది, అంతే. తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ‘మానేద్దామండీ, ఇద్దరం’ అంది.

ఆ ‘ఇద్దరం’ నాకు దెబ్బకంటే గట్టిగా తగిలింది. నేను దిగిపోతే ఆవిడా దిగిపోతుందన్నమాట, మరోసారి. వచ్చే ఆదివారం వెళ్తున్నాం అన్నాను. వెళ్లాం. నేను ఎక్కలేదు. సుల్తాన్ ఒళ్లు బ్రష్‌తో రుద్ది, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీశాను. అవతల మైదానంలో ఆవిడ కాంటర్ చేస్తోంది. ఎక్కడానికి మరో మూడు వారాలు పట్టింది. ఎందుకు ఎక్కలేదని ఆవిడ అడగలేదు.

కాంటర్ నాకింకా రాదు. శిక్షకుడు సిద్ధమే అంటున్నాడు. ముందు ఓ రెండు కిలోలు తగ్గాలని సుల్తాన్ తరఫున మా ఆవిడ షరతు.