కోడిగుడ్డంత విమానం

అత్తాపూర్‌లో ఎవరికైనా ఇంటి గుర్తు చెప్పాలంటే వీధి పేరూ, గుడి పేరూ అక్కర్లేదు. "ఫలానా నంబరు పిల్లరు దగ్గర దిగండి" అంటే చాలు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు పొడుగున, 2009లో మా నెత్తిమీదుగా తెరిచిన వంతెన రోడ్డు స్తంభాలవి. శంషాబాదు విమానాశ్రయానికి పోయేవాళ్ళు పైనుంచి పోతారు. కూరగాయలకు పోయే మేము కిందనుంచి పోతాం. విమానాలతో మా ఇంటికి ఉన్న సంబంధం ఆ స్తంభాల నీడ వరకేనని నేను అనుకునేవాణ్ణి, మా మావగారిని మినహాయిస్తే.

మావగారు 1963లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో మెకానిక్కుగా చేరి, బేగంపేటలోనే పనిచేసి, 1999లో రిటైరయ్యారు. డకోటాలు, ఫోకర్లు, ఆవ్రోలు ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. 2007లో ఆ సంస్థ ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు మారిపోయాయి. మారిన రాత్రి ఆయన ఒక్కరే బేగంపేట వెళ్ళి, గేటు బయట కాసేపు నిలబడి వచ్చారట. ఈ సంగతి మా అత్తగారు చెప్పగా విన్నాం. ఆవిడ పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఆయన మా దగ్గరే ఉంటున్నారు. ఉంటున్నారంటే, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. కాఫీ ఇస్తే "ఊఁ" అంటారు. అన్నానికి లేవమంటే "ఆఁ" అంటారు. రోజు మొత్తానికి అంతే. మా ఆవిడ లోపలికి వచ్చి కళ్ళు ఒత్తుకోవడం నేను చూడనట్టు నటించేవాణ్ణి.

ఇలా ఉండగా మా పన్నెండేళ్ళ వాడికి పుట్టినరోజు కానుకగా ఓ అట్టపెట్టె వచ్చింది. జపానులో షిజువోకా ప్రాంతపు యైజు అనే ఊళ్ళో హసెగావా అని ఒక బొమ్మల కంపెనీ ఉంది. అది పుట్టింది 1941లో, అంటే మా మావగారికి సరిగ్గా ఈడు. ఆ కంపెనీ వాళ్ళు 1970ల నుంచి "గుడ్డు విమానాలు" తయారు చేస్తున్నారు. నిజమైన విమానాన్నే తీసుకుని, ముక్కూ తోకా పట్టుకుని రెండు పక్కలనుంచీ నొక్కేసినట్టు, బొద్దుగా గుడ్డు ఆకారంలో చేస్తారు. చూస్తే నవ్వొస్తుంది. మావాడికి వచ్చింది జీరో అనే యుద్ధవిమానం. అసలు జీరో కత్తిలా ఉంటుంది. ఇది పూర్ణంబూరెలా ఉంది.

ముక్కలు పట్టుమని పాతిక కూడా ఉన్నట్టు లేవు. చట్రంనుంచి కత్తిరించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, ప్లాస్టిక్కును కరిగించి అతికే జిగురు రాస్తే ఒక ఆదివారానికి సరిపోయే పని. అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కాని పెద్దవాళ్ళకు అసలు సరదా అతికించడంలో లేదనీ, ఆ తరవాత దాన్ని పాతబరచడంలో ఉందనీ నేనెక్కడో చదివాను. ఎండకు వెలిసినట్టు, రంగు పెచ్చులు లేచినట్టు, నూనె కారినట్టు, పొగ పట్టినట్టు చెయ్యాలన్నమాట.

"కొత్త వస్తువు కొని మురికి చెయ్యడానికి ఇంత ఖర్చా? మీ చొక్కా కాలర్లకు ఊరికే పడుతోంది కదండీ!" అంది మా ఆవిడ.

నేను పట్టించుకోలేదు. ముందు విమానానికంతా వెండిరంగు కొట్టాం. ఆరాక తడిచేసి, వంటింట్లోంచి తెచ్చిన కల్లుప్పు దంచి చల్లాం. ఉప్పు అంటుకున్నాక పైన ఆకుపచ్చ రంగు జల్లుడబ్బాతో కొట్టి, ఆరాక ఉప్పును కుంచెతో దులిపేశాం. ఉప్పు ఉన్నచోటల్లా పచ్చరంగు లేక వెండిరంగు బయటపడింది, అచ్చం పెచ్చులూడినట్టే. నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. నాలుగువైపులా నల్లరంగు కార్చాను. రెక్కలమీద గోధుమరంగు పూశాను. సుద్దకర్రల నల్లపొడి అద్దాను. తీరా చూసుకుని మురిసిపోయి, బాల్కనీలోకి తీసుకుపోయి మావగారి ముందు పెట్టాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"అల్లుడుగారూ, ఇది ఎగిరిందా, బురదలో పడిందా?" అన్నారు.

మా ఆవిడ వంటింట్లోంచి గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. రెండేళ్ళలో ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు.

"మురికికి కారణం ఉండాలి నాయనా," అని ఆయనే అందుకున్నారు. "ఈ నూనె చూడండి, ముందుకు కారింది. గాలిలో పోయేదానికి నూనె ముందుకెలా కారుతుంది? ఇంజను మూత సందుల్లోంచి బయల్దేరి వెనక్కే పోవాలి. మొదట్లో చిక్కగా, పోను పోను పలచగా. ఎండిన మరక మీద రేపటి మరక పడుతుంది."

ఆ తరవాత ఆయన ఆగలేదు. 1953లో జాతీయం చేసినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ వంటి కంపెనీల డకోటాలన్నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్ కిందికి వచ్చాయి. డకోటా ఇంజనుకు పధ్నాలుగు సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరసల్లో పువ్వు రేకుల్లా ఉంటాయి. ఈ జీరో ఇంజనుదీ అదే లెక్కని పెట్టె మీద చదివి మావాడు చెప్పేసరికి ఆయన ముఖం విప్పారింది. "అయితే ఇదీ కారుతుందిరా! ఆ రకం ఇంజను నూనె కారడం లేదంటే లోపల నూనె లేదని అర్థం" అన్నారు.

దరిమిలా మా భోజనాల బల్ల వర్కుషాపయింది. పాత పనితనమంతా చెరిపేసి, మళ్ళీ ఆకుపచ్చ రంగు వేయించారు. రోజూ విప్పే మూతల అంచుల్లోనే పెచ్చులుండాలట. ఎన్నడూ విప్పని మూత దగ్గర పెచ్చు ఎందుకుంటుందని ప్రశ్న. రెక్క మొదట్లో మనుషులు బూట్లతో ఎక్కే చోట రంగు అరగాలి. పెట్రోలు పోసే మూత చుట్టూ ఒలికిన మరక ఉండాలి. చక్రాలు విసిరే గులకరాళ్ళకు వాటి వెనకనున్న భాగం దెబ్బలు తినాలి. ఎండ పైనుంచి కాస్తుంది గనక రెక్క పైభాగం వెలవాలి, కిందిభాగం వెలవకూడదు. ఎగిరేటప్పటి మరక వెనక్కి పోతుంది, నిలిపి ఉంచినప్పటి మరక కిందికి జారుతుంది.

పద్ధతి కూడా మారింది. ఉప్పుకు బదులు, చిన్న స్పాంజి ముక్కను వెండిరంగులో ముంచి, కాగితంమీద అద్ది, ఇంచుమించు పొడిగా అయ్యాక మూతల అంచుల్లో తాకించడం. పైన మెరుపు వార్నీషు పూసి, ఆరాక, పలచని నల్లటి తైలవర్ణాన్ని గీతల్లోకి పారించి గుడ్డతో తుడవడం. నూనె చారకు సూదిమొనంత చుక్క పెట్టి, టర్పెంటైనులో తడిపిన కుంచెతో వెనక్కి లాగడం. పొగకు సుద్దపొడి. చివర మెరుపు చంపే వార్నీషు. టర్పెంటైను వాసనకు కిటికీలు బార్లా తెరిచి ఉంచమని మా ఆవిడ ఉత్తర్వు.

స్పాంజి నేను అద్దితే చుక్కలు ముగ్గులో చుక్కల్లా సమంగా పడుతున్నాయి. "తాతయ్యా, నువ్వు వెయ్యి" అన్నాడు మావాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కొన్నేళ్ళుగా ఆయనకు చేతులు వణుకుతాయి. కాఫీ గ్లాసు సగమే పోయించుకుంటారు, ఒలికితే మేం చూస్తామని. మావాడు ఇవేవీ ఎరగనట్టు స్పాంజి ఆయన వేళ్ళ మధ్య పెట్టేశాడు. చెయ్యి వణికింది. చుక్క ఒకటి పెద్దది పడింది, ఒకటి చిన్నది, ఒకటి అసలు పడలేదు, ఒకటి పక్కకు జరిగింది. అచ్చంగా అరిగిపోయిన లోహంలా ఉంది. ఆయన కాసేపు దానివంకే చూసి, స్పాంజి మళ్ళీ రంగులో ముంచారు.

అంతా అయ్యాక ఎడమ రెక్క మొదట్లో ఆయన బొటనవేలి ముద్ర ఒకటి ఉండిపోయింది, తడి వార్నీషులో వత్తుకుని. నేను గుడ్డ తీశాను, తుడుద్దామని.

"దాన్ని ముట్టుకోకండి" అంది మా ఆవిడ. మురికిమీద అంత పోరాటం చేసిన మనిషే!

ఇప్పుడా పూర్ణంబూరె విమానం మా షోకేసులో ఉంది. మొన్న ఉదయం కాఫీ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను. పైన వంతెనమీద కార్లు శంషాబాదువైపు పోతున్నాయి. మావగారు గ్లాసు అందుకుని, ప్రయాణికుడు కౌంటరు దగ్గర వాకబు చేసినట్టు అడిగారు:

"అల్లుడుగారూ, తరవాతి విమానం ఎప్పుడు?"