తయారుచేసిన వారియొద్దనే కొనవలెను

బిజినేపల్లి ప్రాంతపు రైతు విత్తనములు కొనునపుడు సంచి ముద్రను, చీటిని పరీక్షించి, రసీదు పుచ్చుకొనినగాని పైకము చెల్లింపడు. పైరు చెడినయెడల అడుగుట కొక ఆధారముండవలెనని యాతడెఱుఁగును. ఆ వివేకమునే మన యిండ్లలోని కంప్యూటరుల విషయమునను చూపవలెనని మా యభిప్రాయము.

సాఫ్టువేరు ఒకసారి కొని మూలనుంచు వస్తువు కాదు. లోపములు బయటపడినకొలఁది తయారుచేసిన సంస్థ దిద్దుబాట్లు పంపుచుండును. కొన్ని యేండ్లకు క్రొత్త కూర్పును వెలువరించును. 2015 జూలైలో వెలువడిన విండోస్ 10కు సాధారణ పోషణము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. అందుచేత పలువురు తలిదండ్రులు విండోస్ 11 కొఱకు అంగళ్లు తిరుగవలసివచ్చెను.

మే మెఱిగిన గృహస్థుఁ డొకఁడు ఒక అంగడిలో వేయి రూపాయలిచ్చి దానిని వేయించుకొనెను. కొన్ని వారములకే అది అసలు ప్రతి కాదను హెచ్చరిక తెరపైఁ గనఁబడెను. రసీదు లేదు గనుక అడుగుటకు నోరు లేకపోయెను. అసలైన విండోస్ 10 ఉండి, యంత్రము తగినదైనచో మైక్రోసాఫ్టు సంస్థ క్రొత్త కూర్పును ఉచితముగానే యిచ్చుచున్నది. ఆయన కంప్యూటరు అట్టిదే! ఊరక వచ్చుదానికి వేయి రూపాయలు వ్యయమయ్యెను.

నష్టము ధనముతోనే తీరదు. దొంగప్రతి బయటపడునను భయముచే అనేకులు దిద్దుబాట్లనే ఆపివేయుదురు. 2017 మార్చిలో మైక్రోసాఫ్టు ఒక లోపమునకు దిద్దుబాటు నిచ్చెను. దానిని వేసికొనని యంత్రములను మే నెలలో వన్నాక్రై అను దుష్టసాఫ్టువేరు పట్టుకొని, దస్త్రములకు తాళమువేసి ధనమడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులు కొన్ని సైతము దానివాతఁ బడెను. ఒక విద్యార్థి యేడాది వ్రాఁతలు అట్లు పోయిన నెవరు తిరిగి యీయఁగలరు?

తయారీదారుల ధర హెచ్చనియు, అంగడివాఁడు ఇరుగువాఁడనియు కొందఱందురు. ఇది త్రోసివేయఁదగిన మాట కాదు. కాని ధర భరింపలేనివారికి దొంగప్రతి యొక్కటే మార్గము కాదు. వ్రాఁతపనికి లిబ్రే ఆఫీసు, యంత్రమును నడుపుటకు ఉబుంటు మొదలగునవి వాని నిర్మాతల స్థానములనుండియే ధర్మముగా, ఉచితముగా లభించును. వానిని బాలురకు నేర్పుట పాఠశాలల విధి.

మఱియొక మాట. మైక్రోసాఫ్టు 1998లో హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పెను. మన బాలబాలికలలో ననేకులు రేపు సాఫ్టువేరు వ్రాయఁగోరువారే. పరుల కష్టమునకు కూలి యెగఁగొట్ట నేర్చినవారు తమ కష్టమునకు కూలి యే ముఖముతో నడుగుదురు? దొంగప్రతియని యెఱిఁగి వాడుట మన కాపీరైటు చట్టము ప్రకారము శిక్షార్హమగు నేరము కూడను.

కావున తలిదండ్రులారా, అంగడికిఁ బోవకముందు కంప్యూటరులోని సెట్టింగులయందే క్రొత్త కూర్పు ఉచితముగా లభించునేమో చూడుఁడు. కొనవలసివచ్చిన తయారీదారు స్థానముననే కొని, రసీదు భద్రపఱచుఁడు. విద్యార్థులారా, ఈ పనిలో పెద్దలకు తోడ్పడుఁడు. మీరు నేర్చిన చదువు మొదట మీ యింటికే ఫలించుఁగాక!